చివరి బంతి ఎన్ని గంటలకు? నాలుగు వందల మంది దావత్‌కు ఆర్డర్ ఇచ్చే లెక్క

ఇవాళ్టిది వంటల ఎపిసోడ్ కాదు, వంటకు ఆర్డర్ ఇచ్చే ఎపిసోడ్. మన చొప్పదండి, గంగాధర, రామడుగు దిక్కు పెళ్లి కానీ, ఒడిబియ్యం కానీ, పుట్టువెంట్రుకలు కానీ, మూడు నాలుగు వందల మందికి తక్కువ దావత్ కనబడ్తలేదు. ఇంటోళ్లు, వాడకట్టోళ్లు కలిసి వండుకునే కాలం దాదాపు పోయింది. వంటాయనకో క్యాటరింగ్ వాళ్లకో ఆర్డర్ ఇస్తున్నాం. ఇచ్చే రోజు మనం అడిగే ప్రశ్నలు ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ప్లేట్ ఎంత? ఎన్ని వెరైటీలు? స్వీటు ఒకటా రెండా? ఐస్‌క్రీమ్ ఉంటదా? ఇవన్నీ అడిగి, బేరం చేసి, బయానా చేతుల పెట్టి లేస్తం. అసలు అడగాల్సింది మిగిలిపోతది. చివరి బంతి ఎన్ని గంటలకు తింటది?

ఎందుకు ఇది మొదటి ప్రశ్న అంటున్ననో చెప్త. పత్రిక మీద ముహూర్తం 11 గంటలని ఉంటది. తలంబ్రాలు అయ్యేసరికి పన్నెండున్నర. అప్పటికే కొందరు తినుడు మొదలుపెడ్తరు. కరీంనగర్ నుంచి వచ్చేటోళ్లు, ధర్మారం దిక్కు నుంచి వచ్చేటోళ్లు ఒంటిగంటకు దిగుతరు. ఇంకో రెండు పెళ్లిళ్లకు ముఖం చూపెట్టి వచ్చేటోళ్లు రెండున్నరకు. ఇగ ఇంటి మనుషులు, వడ్డించిన పిల్లగాండ్లు, పెండ్లిపిల్ల తల్లిదండ్రులు మూడున్నర, నాలుగు. వంటాయన మాత్రం బగారా అన్నం పొద్దుగాల పదింటికే దించి మూత పెట్టిండు. ఎందుకంటే లేటైతే ఆయన్నే అంటరు కాబట్టి. అంటే చివరి బంతి ముందట పడ్డ అన్నం వయసు ఆరు గంటలు. అది కూడా వైశాఖంల, ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్ల, రేకుల షెడ్డు కింద.

ప్రపంచ ఆరోగ్య సంస్థ తిండి జాగ్రత్త గురించి అయిదు సూత్రాలు చెప్పింది. వాటిల్ల మనకు ఇవాళ కావల్సింది ఒక్కటే. వండిన తిండి మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉండొద్దు. వేడిగా ఉంచదలిస్తే 60 డిగ్రీల పైన ఉంచాలె, చల్లగా ఉంచదలిస్తే 5 డిగ్రీల లోపల. ఆ రెండింటి నడుమ ఉన్నదంతా సూక్ష్మక్రిములకు పంట పండే కాలం. మన దావత్‌ల అన్నం సరిగ్గా ఆ నడుమనే కూసుంటది.

అన్నంలో ఏముంటది పాడు కావడానికి అని అడుగుతరు. కూరంటే అనుమానం, అన్నం అంటే మనకు అనుమానమే రాదు. కానీ బియ్యంతోపాటే పొలం మట్టి నుంచి వచ్చే బాక్టీరియా ఒకటి ఉంది. పేరు బాసిల్లస్ సీరియస్. దాని విత్తనాల వంటి రూపం, స్పోర్ అంటరు, అన్నం ఉడికినా చావదు. అన్నం మెల్లగా చల్లబడేటప్పుడు మొలకెత్తి పెరిగి ఒక విషం తయారు చేస్తది. ఆ విషం ఎంత మొండిదంటే అన్నాన్ని మళ్లీ వేడి చేసినా విరగదు. 1970లలో బ్రిటన్‌లో ఫ్రైడ్ రైస్ తిన్నోళ్లకు వాంతులైతే ఎందుకని వెతికితే ఇదే బయటపడ్డది. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట ఉంచి, ఆర్డర్ వచ్చినప్పుడు వేయించి ఇచ్చేటోళ్లు. తిన్న గంట నుంచి ఆరు గంటలలోపు వాంతులు మొదలైతయి. మన దగ్గర దానికి ఏమంటరు? వడదెబ్బ అంటరు, దిష్టి తగిలింది అంటరు. ఉప్పు తీసి పడేస్తరు. అన్నం మీదికి మాట రానియ్యరు.

రెండోది మటన్ గంజు కథ. పెద్ద గంజు దించి పక్కకు పెడితే అంచుల కాడ చల్లబడుతది గని నడుమ గంటల కొద్దీ గోరువెచ్చగనే ఉంటది. క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకు అదే కావాలె. 45 డిగ్రీల దగ్గర, మాంసంలో, గాలి ఆడని చోట అది పది నిమిషాలకు అటూఇటూగా రెట్టింపవుతూ పోతది. ఇది వాంతుల కంటే కడుపునొప్పి, విరేచనాలు తెస్తది, అది కూడా మర్నాడు పొద్దుగాలకు. చిన్న కుండల వండుకునే ఇంట్లో ఈ బాధ తక్కువ. పెద్ద గంజుల, పెద్ద దావత్‌లల దీని రాజ్యం. అందుకే రాత్రే యాటను కోసి, రాత్రే కూర వండి, తెల్లారి వేడి చేసి పెడ్తమనే వంటాయన మాట నాకు నచ్చదు. తెల్లవారుజామున కోసి, పొద్దున వండి, వడ్డన అయ్యేదాక గంజు కింద సన్న మంట తీయకుండ, పొక్కులు వచ్చుకుంట ఉంచితే ఏ బాధా లేదు. గ్యాస్ కొంచెం ఎక్కువ కాలుతది. కాలనీయండి.

మరి అన్నం సంగతి? అన్నాన్ని మంట మీద ఉంచలేం, అడుగంటుతది. దానికి ఉపాయం విడతలుగా వండుడు. నాలుగు వందల మందికి ఒకటే పెద్ద గంజు బగారా కాదు, మూడు గంజులు. మొదటిది పన్నెండుంబావుకు మూత తెరవాలె. రెండోది ఒంటిగంటన్నరకు. మూడోది రెండుముప్పావుకు. మొదట వచ్చే మంద ఎక్కువ కాబట్టి మొదటి గంజు పెద్దది, మూడోది చిన్నది. ఇంతే. ఆర్డర్ ఇచ్చేనాడే వంటాయనను అడగండి, "అన్నా, మూడో గంజుల బియ్యం ఎప్పుడు పోస్తవ్?" అని. ఆయన ముఖం చిట్లిస్తడు. ఎందుకంటే పొద్దున పదింటికి పని అయిపోతే ఆయన మనుషులు సగం మంది ఇంకో ఫంక్షన్‌కు పోవచ్చు. మీరు అడిగేది వాళ్లను మూడింటిదాక పొయ్యి కాడ నిలబెట్టుడు. దానికి కూలీ అదనంగా అడిగితే బేరం చెయ్యకుండ ఇయ్యండి. నాలుగో స్వీటు తీసేస్తే ఆ పైసలు అండ్లనే వస్తయి.

పొడుగు సూది ఉండే వంట థర్మామీటర్ ఒకటి దొరుకుతది, కొన్ని వందల రూపాయలు. ఇంటి పిల్లగాండ్లల ఒకరికి ఇచ్చి, అరగంటకోసారి గంజు నడుమ గుచ్చి చూడుమని చెప్పండి. డ్రోన్ కెమెరాకు, పొగ మిషన్‌కు పెట్టే పైసల ముందట ఇదెంత.

ఇక్కడ చిన్నగ పక్కదారి పడ్త. మన దిక్కు పిల్లలు డాలస్‌లనో, న్యూజెర్సీలనో ఉన్నోళ్లు గ్రాడ్యుయేషన్ పార్టీలకు తిండి ట్రేల లెక్కన తెప్పిస్తరు. ఇండియన్ రెస్టారెంట్ నుంచైతే హాఫ్ ట్రే, ఫుల్ ట్రే. ఆఫీసు స్నేహితులు కూడా వస్తున్నరని ఈమధ్య సుషీ ప్లాటర్లు కూడా పెడ్తున్నరు. జపాన్ వాళ్ల తిండి. అన్నాన్ని ముద్దలుగనో, సముద్రపు నాచు రేకులో చుట్టి ముక్కలుగనో చేసి, మీదనో లోపలనో చేప, దోసకాయ, అవకాడో పెడ్తరు. ఒక చుట్ట కోస్తే ఆరో ఎనిమిదో ముక్కలైతయి. వేరే తిండి కూడా ఉంటే మనిషికి ఆరు నుంచి ఎనిమిది ముక్కలు, అదే భోజనమైతే పది పన్నెండు అని ఆర్డర్ ఇస్తే సరిపోతది. మన పెద్దోళ్లు ఎక్కువుండే పార్టీ అయితే సగానికి పైగా కూరగాయల చుట్టలే చెప్పుకోవాలె. పచ్చి చేప అని తెలిస్తే మన అత్తమ్మలు ముట్టరు. పచ్చి చేప ముక్కలు పార్టీకి ఒక గంట ముందు తెచ్చి, మంచు మీదనో ఫ్రిజ్‌లోనో పెట్టి, కొన్ని కొన్నిగా బయటికి తీయాలె.

ఇది ఎందుకు చెప్తున్ననంటే సుషీ అన్నంలో మనకు పనికొచ్చే రహస్యం ఒకటుంది. ఆ అన్నాన్ని వేడి మీదనే వెనిగర్, చక్కెర, ఉప్పుతో కలుపుతరు. రుచికే కాదు, పులుపు ఎక్కిన అన్నంలో ఇందాక చెప్పిన బాసిల్లస్ పెరగలేదు. అమెరికాలో సుషీ అన్నాన్ని బయట ఉంచాలంటే దాని పులుపు మీటర్‌తో కొలిచి చూపించాలె. పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉండాలె. అంకె ఎంత తక్కువైతే పులుపు అంత ఎక్కువ. ఇప్పుడు మన పులిహోరను యాది చేసుకోండి. చింతపండు పులుసు, నూనె, ఉప్పు, పసుపు. మూట కట్టుకొని ఎక్కడికో తీర్థం పోయేటోళ్లు తెల్లన్నం కట్టుకోలేదు, పులిహోర కట్టుకున్నరు. దారి ఒకటే. జపాన్ వాళ్లకు వెనిగర్, మనకు చింతపండు.

కాబట్టి చివరి బంతి బాగా ఆలస్యమయ్యే ఫంక్షన్‌ల, బస్సుల పోయేటోళ్లకు కట్టిచ్చే తిండికి, పులిహోర తెల్లన్నం కంటే మేలు. కానీ ఒక హెచ్చరిక. క్యాటరింగ్ వాళ్లు ఇప్పుడు పెట్టే పులిహోరల పసుపు రంగే ఎక్కువ, పులుపు తక్కువ. నిమ్మరసం నాలుగు చుక్కలు చల్లి పులిహోర అంటున్నరు. అది తెల్లన్నం కిందికే లెక్క. చింతపండు గుజ్జు ముందే ఉడికించి, వేడి అన్నంలో దండిగా కలపాలని చిట్టీల రాయించండి. అప్పుడు కూడా దాన్ని మర్నాటిదాక ఉంచి పెట్టేది లేదు. పెరుగన్నం అయితే ఇంకా జాగ్రత్త, అది అప్పటికప్పుడు కలిపేది.

సరే, ఇగ లెక్కకు వద్దాం. పత్రికలు ఎన్ని పంచినమో అదే లెక్క అనుకుంటే దెబ్బ తింటం. ఊర్ల ఇచ్చిన పత్రికకు ఇంటిల్లిపాది వస్తరు, నలుగురు అయిదుగురు అనుకోండి. కరీంనగర్ ఆఫీసు స్నేహితునికి ఇచ్చిన పత్రికకు ఆయన ఒక్కడే వచ్చి, కవర్ ఇచ్చి, తిని పోతడు. రెండు కుప్పలు వేరు చేసి, వేరువేరుగా తలలు లెక్క పెట్టండి. అదే రోజు ఊర్ల ఇంకో పెళ్లి ఉందా అనేది కూడా చూడండి. ఉంటే తినేటోళ్లు రెండు దిక్కుల చీలుతరు.

ఆ తర్వాత నీసు తినేటోళ్లు ఎంతమంది? ఇది మన ప్రాంతంల క్యాలెండర్‌ను బట్టి మారుతది. శనివారం, మంగళవారం ముట్టనోళ్లు ప్రతి ఇంట్లో ఒకరిద్దరు ఉంటరు. కార్తీకం నుంచి అయ్యప్ప మాలలు. మనకైతే కొండగట్టు పక్కనే ఉంది కాబట్టి హనుమాన్ దీక్షలు కూడా. చైత్ర పౌర్ణమికి, వైశాఖ బహుళ దశమికి అంజన్న గుట్ట ఎక్కి మాల తీసేటోళ్లు ఎంతమందో మీకు తెలుసు. అది కూడా సరిగ్గా పెండ్లిళ్ల కాలంలనే. నలభై ఒక్క రోజులు, ఇరవై ఒక్క రోజులు, పదకొండు రోజులు. ఎవరి వీలును బట్టి వాళ్లు వేసుకుంటరు. చొప్పదండిల చైత్ర వైశాఖాల పెళ్లి పెట్టుకొని, హైదరాబాద్ లెక్కన నూటికి తొంభై మంది మటన్ తింటరని ఆర్డర్ ఇస్తే, కూర మిగులుతది, పప్పు చాలదు. మాల వేసుకున్న పిల్లగాడు పచ్చిపులుసుతో తిని పోతడు. పిలిచి పప్పు లేకుండ పంపినట్టయితది. శాకాహారం వేరే పొయ్యి మీద, వేరే గరిటెలతో, వేరే కౌంటర్ల పెట్టుమని కూడా ముందే చెప్పాలె.

కిలోల లెక్క ఇట్ల ఉంటది. బియ్యం కిలోకు ఎనిమిది మంది. మటన్ మనిషికి 150 నుంచి 200 గ్రాములు, బొక్కతో కలిపి. నాలుగు వందల మందిల మూడు వందల మంది నీసు తింటరనుకుంటే, 175 గ్రాముల చొప్పున యాభై రెండున్నర కిలోలు. యాట ప్రాణంతో తూగిన బరువుల సుమారు సగమే మాంసం వస్తది. అంటే నూట అయిదు కిలోల జీవాలు కావాలె, ఇరవై కిలోలది ఒక్కొక్కటి అయితే అయిదు చాలవు, ఆరు పడతయి. యాటల లెక్కన మాట్లాడుకుంటే చిన్నయి పెద్దయి కలిపి అంటగడ్తరు. కోసినంక తూకం అని మాట్లాడుకోండి, తలకాయ, బోటి, కాళ్లు ఎవరివో కూడా అప్పుడే తేల్చుకోండి. బియ్యం మొత్తం యాభై కిలోలు. అండ్ల ముప్పై బగారా, ఇరవై తెల్లన్నం. బగారా ముప్పైని మూడు గంజులకు పన్నెండు, పది, ఎనిమిదిగా పంచండి.

ప్లేట్ రేటుకు ఇచ్చేటోళ్లకు ఈ కిలోల బాధ లేదు గని వాళ్లకు వేరే బాధ ఉంది. కనీసం ఇన్ని ప్లేట్లు అని రాయించుకుంటరు. వచ్చినా రాకున్నా ఆ పైసలు కట్టాల్సిందే. మీ అంచనా నాలుగు వందలైతే కనీసం మూడు వందల ముప్పై, నలభై దగ్గర ఆపండి. పైన అవసరమైతే పెట్టేలాగ, దానికి అదే రేటు అని మాట తీసుకోండి. ప్లేట్లు ఎవరు లెక్క పెడ్తరు అనేది కూడా ముందే తేలాలె. మొదలు పెట్టేముందు మీ మనిషి, వాళ్ల మనిషి కలిసి ప్లేట్ల కట్టలు లెక్క పెట్టాలె, అయినంక మిగిలినవి లెక్క పెట్టాలె. నాలుగింటికి, అందరూ అలిసిపోయినంక, అయిదు వందల ఇరవై ప్లేట్లు లేచినయి అంటే ఎవరు కాదంటరు? పిల్లగాండ్లు రెండోసారి కొత్త ప్లేట్ తీసుకుంటే అది రెండు లెక్కనా ఒకటి లెక్కనా, ఇది కూడా అడగండి. నవ్వకండి, కొట్లాటలన్నీ దీని మీదనే.

క్యాటరింగ్ వాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ ఉంటది, పద్నాలుగు అంకెలు. బిల్లు మీద ఉందా చూడండి. ఊరి వంటాయనకు ఇది ఉండకపోవచ్చు. ఆయనకు మీ ఊరి పేరే లైసెన్సు. ఆయన దగ్గర మీరు చూడాల్సింది చేతులు కడిగే నీళ్లు, సబ్బు పొయ్యి కాడ ఉన్నయా అనేది. లేకుంటే ఒక డ్రమ్ము, ఒక సబ్బు మీరే పెట్టియ్యండి.

వెరైటీల గురించి నా మాట కొంచెం కటువుగా ఉంటది. ఇరవై ఎనిమిది ఐటంలు పెట్టినోళ్ల దావత్‌ల ఎవరూ కడుపునిండ తినరు. అన్నీ ఒక్కో చెంచా వేసుకొని, సగం పారేసి, చివరికి పచ్చిపులుసు అన్నం తిని లేస్తరు. పైగా ఐటం పెరిగిన కొద్దీ ఒక్కోటి ముందు వండాల్సి వస్తది, అంటే ఒక్కోటి ఎక్కువసేపు బయట కూసుంటది. బగారా, మటన్, కోడికూర, పప్పు, ఒక వేపుడు, పచ్చిపులుసు, పెరుగు, ఒక స్వీటు. ఇవి వేడివేడిగా నాలుగింటికి కూడా దొరికితే అది పెద్ద దావత్. తక్కువైతే పరువు పోతదని భయం, నాకు తెలుసు. ముఖ్యంగా దుబాయ్‌ల, మస్కట్‌ల ఏండ్ల కొద్దీ కష్టపడి, నెల రోజుల సెలవు మీద వచ్చి బిడ్డ పెండ్లి చేసే తండ్రికి ఆ భయం ఇంకా ఎక్కువ. ఆయనకు మళ్లీ సరిచేసుకునే టైము లేదు. ఆయన ఫ్లైట్ ఎక్కినంక ఊర్ల మిగిలేది ఐటంల లెక్క కాదు, తిన్నోళ్లు రాత్రి ఎట్ల పండుకున్నరనేదే.

సకినాలు, గర్జెలు, అరిసెల బాధ వేరు, అసలు బాధే లేదు. నూనెల కాలి తడి పోయినయి కాబట్టి నాలుగు రోజుల ముందే తెప్పించి డబ్బాల పెట్టుకోవచ్చు. సారెకు ఎన్ని కావాలో కిలోల లెక్కన కాదు, పల్లెల లెక్కన చెప్పండి, విరిగినవి వేరే పెట్టుమనండి.

మజ్జిగకు, నీళ్లకు ఐస్ తెప్పిస్తే దిమ్మెను కుండ లోపల వెయ్యకండి, కుండ చుట్టూ పెట్టండి. దిమ్మె ఏ నీళ్లతో చేసిండ్రో మనకు తెల్వదు.

ఇగ చిట్టీ. తెల్లకాగితం చాలు. తేదీ, హాలు పేరు, తలల లెక్క, అండ్ల శాకాహారం ఎంతమంది, ఐటంలు. దాని కింద మూడు గంజులు తెరిచే టైములు. కూర గంజు కింద మంట ఎప్పటిదాక ఉండాలె. సామాన్లు, గ్యాస్, కిరాయి గిన్నెలు ఎవరివి. మిగిలింది ఎవరిది. బయానా ఎంత ఇచ్చినం, మిగతాది ఎప్పుడు. రెండు కాపీలు. వంటాయన సంతకం చెయ్యడానికి సిగ్గు పడితే ఫోన్‌ల ఫొటో తీసి ఆయనకే పంపండి.

మిగిలిన దాని గురించి ఒక మాట చెప్పి ముగిస్త. సాయంత్రం అయిదింటికి, మిగిలిన అన్నం గంజు ఆటోల వేసుకొని ఏదైనా హాస్టల్‌కో, ఆశ్రమానికో పంపుతరు. మనసు మంచిదే. కానీ అది మధ్యాహ్నం నుంచి బయట ఉన్న అన్నమైతే, మన ఇంటి పిల్లలకు పెట్టనిది ఆ పిల్లలకు పంపినట్టు. పంపాలనుకుంటే ముందురోజే వాళ్లతో మాట్లాడి, ఎవరూ గరిట పెట్టని మూడో గంజును మూత తెరిచిన గంటలోపు, వేడి మీదనే పంపండి. చల్లార్చి ఇంట్లో పెట్టుకునేదైతే లోతు తక్కువ ఉన్న తాంబాలాలల పలుచగ పరిచి, తొందరగా ఫ్రిజ్‌ల పెట్టాలె. గంజు గంజు లెక్కనే పెడితే నడుమ వేడి పోదు.

విడతలుగా వండుతే ఇంకో లాభం ఉంది. రెండింటికి హాల్‌ల మనుషులను చూస్తే మూడో గంజు అవసరమా కాదా తెలిసిపోతది. జనం రాలేదా, ఆ ఎనిమిది కిలోల బియ్యం నానబెట్టకండి. బస్తా మూతి కట్టి ఇంటికి తెచ్చుకోండి.